టీకా "తరువాత" – టీకా "వలన"

మా వీధి చివర ఒక లెక్కల మాష్టారు కలరు. ఉన్నత పాఠశాలలో ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి పొందినవారు. వయస్సు 72 సంవత్సరములు. ఒక వేసవి సాయంకాలమున మా యింటికి వచ్చి, అరుగుపై కూర్చుండి, ఆయన నన్ను ఇట్లు అడిగిరి:

"ఏమయ్యా, నువ్వు కాలేజీలో సైన్సు చెప్పేవాడివి గదా, ఒక్క సంగతి చెప్పు. వానలు పడకముందే ఫ్లూ టీకా వేయించుకోమంటున్నారు మా డాక్టరుగారు. కిందటేడు మా వియ్యంకుడు ఆ టీకాయే వేయించుకున్నాడు. సరిగ్గా నాలుగో నాడు గుండెపోటు. మనిషి దక్కలేదు. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

నేను చెప్పునది జంతుశాస్త్రము; వైద్యుడను కాను. అయినను ఆ ప్రశ్న నన్ను వదలలేదు. టీకా వేసికొనిన నాల్గవ నాడు గుండెపోటు వచ్చినది. ఇది కంటికి కనబడిన నిజము. టీకా వలన గుండెపోటు వచ్చినది. ఇది ఆ నిజమునుండి మనస్సు చేసికొనిన ఊహ. ఊహ నిజము కావచ్చును, కాకపోవచ్చును. "తరువాత" అను మాటకును "వలన" అను మాటకును నడుమ గల దూరమును కొలుచుటయే టీకాల భద్రతా పరిశీలనము. ఆ కొలత ఎట్లు జరుగునో, మాష్టారి ప్రశ్నకు అది ఏమి సమాధానము చెప్పగలదో ఈ వ్యాసమున చూతము.

ఫ్లూ అనగా నేమి?

జలుబు చేసి తుమ్ములు వచ్చినపుడెల్ల "ఫ్లూ" అనుట మనకు వాడుక. కాని సామాన్యమైన పడిశము వేరు, ఇన్‌ఫ్లుయెంజా వేరు. హఠాత్తుగా జ్వరము, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, మనిషిని మంచమెక్కించు నీరసము ఇన్‌ఫ్లుయెంజా లక్షణములు. 1933లో ఇంగ్లండులో విల్సన్ స్మిత్, క్రిస్టొఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు, ఫెర్రెట్ అను ముంగిసవంటి జంతువునకు ఈ వ్యాధిని అంటించి, మనుష్యులలో దీనిని కలిగించు వైరస్‌ను మొదటిసారిగా వేరుచేసిరి.

ఈ వైరస్ మన పగటివేషగానివంటిది. మనిషి ఒక్కడే, వేషము నిన్నటిది కాదు. వైరస్ పైపొరపై హెమాగ్లుటినిన్, న్యూరమినిడేస్ అను రెండు విధముల మాంసకృత్తులు ముండ్లవలె పొడుచుకొని యుండును. మన రక్తములోని ప్రతిరక్షకములు వైరస్‌ను గుర్తుపట్టునది వీనిని బట్టియే. వైరస్ వృద్ధి చెందునపుడు ఈ ముండ్ల నిర్మాణములో చిన్నచిన్న మార్పులు జరుగుచుండును. ఈ యేడు దానిని గుర్తుపట్టిన శరీరము రెండేండ్ల తరువాత గుర్తుపట్టలేకపోవచ్చును. అందుచేతనే మశూచి టీకావలె ఫ్లూ టీకా చిరకాలము పనిచేయదు. ఏటేట వేయించుకొనవలసి యుండును.

ఒక్కొక్కప్పుడు ముండ్లు పూర్తిగా మారి, ఎవరికిని పరిచయము లేని క్రొత్త వైరస్ పుట్టును. అపుడు వ్యాధి ప్రపంచమంతటను ప్రబలును. 1918, 1957, 1968, 2009 సంవత్సరములలో అట్లు జరిగినది. 1918–19 నాటి ఫ్లూవలన మన దేశములోనే కోటికి పైగా ప్రజలు మరణించిరని అంచనా.

వృద్ధులకు ఎందుకు?

మామూలు సంవత్సరములలో సయితము ఫ్లూ చిన్న వ్యాధి కాదు. ఏటా 2,90,000 మొదలు 6,50,000 వరకు శ్వాసకోశ సంబంధమైన మరణములు దీనివలన ప్రపంచములో కలుగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికాలో ఫ్లూ మరణములలో నూటికి 70 మొదలు 85 వరకు 65 ఏండ్లు దాటినవారివే.

దీనికి కారణము శరీరములోనే కలదు. రొమ్ము ఎముకకు వెనుక థైమస్ అను గ్రంథి యున్నది. క్రొత్త శత్రువును గుర్తించి పోరాడు ఒక జాతి తెల్లరక్త కణములు ఇందులో తయారగును. యౌవనము దాటిన నాటినుండి ఈ గ్రంథి క్రమముగా కృశించును. వృద్ధాప్యమున పాత అనుభవము గల కణములే ఎక్కువ, క్రొత్తవి తక్కువ. దీనికి తోడు చక్కెర వ్యాధి, గుండెజబ్బు, ఆయాసము మున్నగునవి చేరియుండును. అందుచేత పడుచువారికి వారము దినములలో పోవు జ్వరము వృద్ధులలో నిమోనియాగా ముదురును.

ఇందులో ఒక చిక్కు కలదు. వ్యాధిని ఎదుర్కొనలేని శరీరమే టీకాకును సరిగా స్పందింపలేదు. టీకా ఎక్కువ అవసరమైనవారికే అది కొంత తక్కువగా పనిచేయును. ఈ లోపమును సవరించుటకు రెండు ఉపాయములు కనిపెట్టిరి. మొదటిది మోతాదు పెంచుట: మామూలు టీకాలో ఒక్కొక్క వైరస్ రకమునకు 15 మైక్రోగ్రాముల హెమాగ్లుటినిన్ ఉండగా, వృద్ధుల టీకాలో 60 మైక్రోగ్రాములు ఉంచుట. సుమారు 32 వేలమంది వృద్ధులపై జరిగి 2014లో ప్రకటింపబడిన పరీక్షలో, మామూలు టీకాతో పోల్చగా, పెద్ద మోతాదు టీకా ఫ్లూను 24 శాతము అధికముగా నివారించినది. రెండవది, టీకాతో పాటు శరీరమును హెచ్చరించు నూనెవంటి పదార్థమును కలుపుట. ఇట్టి టీకా 1997లో ఇటలీలో మొదట అనుమతి పొందినది. ఈ ప్రత్యేకమైన టీకాలు అన్ని దేశములలోను సులభముగా దొరకవు. అవి దొరకనిచోట మామూలు టీకాయైనను మేలే.

టీకా ఎట్లు తయారగును?

వైరస్ వేషము మార్చుచుండుటచేత, ఏ వేషమునకు టీకా తయారుచేయవలెనో ముందుగా నిర్ణయింపవలెను. ఇందులకై 1952 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రయోగశాలల కూటమిని నడుపుచున్నది. నేడు నూరు దేశములకు పైగా ఇందులో భాగస్వాములు. మన దేశమునుండి పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ పనిచేయుచున్నది. వీరు పంపు సమాచారమును బట్టి ఉత్తరార్ధగోళమునకు ఫిబ్రవరిలోను, దక్షిణార్ధగోళమునకు సెప్టెంబరులోను టీకాలో చేర్చవలసిన రకములను ప్రకటింతురు. ఏ రకములు రాగలవో కొన్ని నెలల ముందుగా ఊహించుట గనుక, ఊహ ఒక్కొక్క యేడు తప్పును. ఊహ బాగుగా కుదిరిన సంవత్సరములలో టీకా వ్యాధి ప్రమాదమును నూటికి 40 మొదలు 60 పాళ్లు తగ్గించును. ఇది సంపూర్ణ రక్షణము కాదు. కాని వ్యాధి వచ్చినను ముదరకుండ, ఆసుపత్రి పాలుకాకుండ కాపాడుటలో దీని ప్రయోజనము కలదు.

ఎంచిన వైరస్‌లను ఎక్కువగా పిండము గల కోడిగ్రుడ్లలో పెంచి, రసాయనములతో చంపి, ముక్కలుచేసి, శుద్ధిచేయుదురు. అందుచేత వృద్ధులకిచ్చు సూదిమందులో బ్రతికియున్న వైరస్ ఉండదు. దానివలన ఫ్లూ వచ్చుట అసంభవము. సూది వేసినచోట నొప్పి, ఎఱ్ఱదనము, ఒకటి రెండు దినములు ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరము రావచ్చును. ఇవి శరీరము మేలుకొనుటకు గుర్తులు. రక్షణము కలుగుటకు సుమారు రెండు వారములు పట్టును. ఈలోగా ఫ్లూ సోకినవారు "టీకావలననే వచ్చినది" అనుకొందురు.

లెక్కల మాష్టారి లెక్క

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఒక జిల్లాలో లక్షమంది వృద్ధులకు ఒకేనాడు టీకా వేసిరనుకొందము. ఆ వయస్సువారిలో ఏటా నూటికి నలుగురు ఏదో ఒక కారణమున మరణింతురనుకొందము. అనగా లక్షకు ఏడాదికి 4,000 మంది. దినమునకు సుమారు 11 మంది. వారమునకు 77 మంది. టీకాకు బదులు మంచినీళ్లు ఎక్కించినను, ఎక్కించిన వారము దినములలో సుమారు 77 మంది మరణించియే తీరుదురు. ఆ 77 ఇండ్లలోను ఒకే మాట వినబడును: "మొన్ననే గదా సూది వేయించుకొన్నాడు!"

ఆ మాట అబద్ధము కాదు. వారి దుఃఖమును తక్కువచేయుటయు తగదు. కాని 77 మరణములు చూచి టీకా చెడ్డదనలేము. అడుగవలసిన ప్రశ్న ఇది: టీకా లేకున్న ఎందరు మరణించియుందురు? టీకా తరువాత మరణించినది అంతకంటె ఎక్కువమందియా? 77కు బదులు 150 వచ్చినచో అది హెచ్చరిక. సుమారు 77 మాత్రమే వచ్చినచో కాలము కలిసిన యాదృచ్ఛికము.

అయితే ఇందులోను ఒక మోసము కలదు. చాల జబ్బుగా నున్నవారు ఆనాడు టీకా వేయించుకొనుటకు రారు. నడచి రాగలవారే వత్తురు. కనుక టీకా వేసికొన్నవారిలో మొదటి వారములలో మరణములు మామూలుకంటె తక్కువగా కనబడును. దీనిని గమనింపనివారు టీకా గొప్పతనమును లేనంతగా పెంచి చెప్పుదురు, లేక నిజమైన హానిని చూడలేకపోవుదురు. లెక్క ఇరువైపులను మోసగించగలదు. కనుక ఇరువైపులను జాగ్రత్త పడవలెను.

1976: ఒకే టీకాపై రెండు తీర్పులు

ఈ లెక్క నిజజీవితమున ఎట్లు పనిచేసినదో 1976లో అమెరికాలో జరిగిన కథ చక్కగా తెలుపును. ఆ యేడు మొదటి నెలలలో న్యూజెర్సీ రాష్ట్రములోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరములో పందులకు వచ్చు ఫ్లూను పోలిన క్రొత్త వైరస్ కనబడినది. ఒక సైనికుడు మరణించెను; సుమారు 230 మందికి సోకినది. ఇది 1918 నాటి ఉపద్రవమునకు మారురూపమేమో అను భయముతో, మార్చి 24వ తేదీన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ దేశప్రజలందరికి టీకా వేయించు పథకమును ప్రకటించెను. అక్టోబరు 1వ తేదీన టీకాలు ప్రారంభమైనవి.

పది దినములు గడచినవో లేదో, పిట్స్‌బర్గ్ నగరములో ఒకే కేంద్రమున టీకా వేసికొనిన ముగ్గురు వృద్ధులు మరణించిరి. పత్రికలు గగ్గోలు పెట్టినవి. కొన్ని రాష్ట్రములు టీకాలను నిలిపివేసినవి. విచారించి చూడగా ముగ్గురికిని గుండెజబ్బు ఉండినది. ఆ వయస్సులో అంతమందికి టీకా వేయునపుడు, అట్టి మరణములు యాదృచ్ఛికముగానే సంభవించునని లెక్క తేల్చినది. టీకామందులో దోషము కనబడలేదు. ఆ అక్టోబరు 14న ఫోర్డ్ స్వయముగా టెలివిజనులో అందరు చూచుచుండగా టీకా వేయించుకొనెను. మొదటి తీర్పు: టీకా నిర్దోషి.

కాని కథ అంతటితో ముగియలేదు. కొన్ని వారముల తరువాత గియాన్-బారే వ్యాధి వచ్చినవారి వార్తలు ఒకటొకటిగా రాసాగినవి. ఈ వ్యాధిలో శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి తన నరములనే దెబ్బతీయును. కాళ్లు చచ్చుబడి, ఒక్కొక్కప్పుడు ఊపిరి కండరములు కూడ పనిచేయవు. చాలమంది నెలల మీద కోలుకొందురు, కొందరు మరణింతురు. టీకాతో సంబంధము లేకుండగనే ఏటా లక్షకు ఒకరికో ఇద్దరికో ఈ వ్యాధి వచ్చును. ఆ శరత్కాలమున టీకా వేసికొన్నవారు నాలుగు కోట్లకు పైగా ఉండిరి. అంతమందిలో ఆరు వారములలో యాదృచ్ఛికముగా ఇంచుమించు 70 మందికి రావచ్చును. వచ్చినది దానికి ఎన్నో రెట్లు.

మరియొక సాక్ష్యము కూడ దొరికినది. యాదృచ్ఛికమైనచో రోగులు టీకా తరువాతి వారములన్నిటను సమానముగా చెదరియుండవలెను. అట్లుగాక రెండవ, మూడవ వారములలో కుప్పగా పేరుకొని యుండిరి. టీకా శరీరమును కదలించు కాలమును అదియే. డిసెంబరు 16వ తేదీన కార్యక్రమమును ఆపివేసిరి. తరువాతి పరిశోధనలలో లక్షమందికి సుమారు ఒకరు చొప్పున ఈ వ్యాధి అధికముగా వచ్చినదని తేలినది. భయపడిన ఫ్లూ ఆ శిబిరమును దాటి ప్రబలనేలేదు. రెండవ తీర్పు: టీకా దోషి.

ఇచట గమనింపవలసిన విషయము ఒకటి. నిర్దోషియనిన తీర్పును, దోషియనిన తీర్పును ఇచ్చినది ఒకే పద్ధతి. లెక్క టీకా పక్షపాతి కాదు, వ్యతిరేకియు కాదు. పిట్స్‌బర్గ్ విషయమున దానిని నమ్మి, నరముల వ్యాధి విషయమున నమ్మమనుటయు, దీనికి విరుద్ధముగా చేయుటయు తగదు.

ఆనాటినుండి ప్రతి యేటి ఫ్లూ టీకాను ఈ వ్యాధి విషయమై ప్రత్యేకముగా కనిపెట్టి చూచుచున్నారు. ఇటీవలి టీకాలలో ఇట్టి అధిక ప్రమాదము ఉన్నచో అది పది లక్షలకు ఒకటి రెండుకు మించదు. ఫ్లూ సోకినందువలన కూడ ఈ వ్యాధి రావచ్చును. ఆ ప్రమాదము టీకావలన కలుగుదానికంటె ఎక్కువ.

తప్పుడు భయమునకును వెల కలదు. 2014 నవంబరులో ఇటలీలో కొందరు వృద్ధులు టీకా తరువాత మరణించిరను వార్తలతో రెండు తయారీ వరుసల మందును ఆపిరి. డిసెంబరు 3వ తేదీన ఐరోపా ఔషధ సంస్థ సమితి పరిశీలించి, మరణములకు టీకా కారణమనుటకు ఆధారము లేదని ప్రకటించినది. కాని భయము వెనుకకు పోలేదు. అంతకు ముందటి యేడు ఇటలీ వృద్ధులలో నూటికి సుమారు 55 మంది టీకా వేసికొనగా, ఆ యేడు సుమారు 49 మందియే వేసికొనిరి. అట్లని అనుమానము వచ్చినపుడు మందును ఆపుట తప్పు కాదు. ఆపినదెందుకో, తేలినదేమో అంతే స్పష్టముగా ప్రజలకు చెప్పుట ముఖ్యము.

మందు మంచిది, చేయి చెడ్డది

మందులో దోషము లేకున్నను, వేయుటలో దోషము ఉండవచ్చును. ఇందుకు మన గతమున ఒక దుఃఖకరమైన ఉదాహరణము కలదు. 1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున హాఫ్‌కిన్ కనిపెట్టిన ప్లేగు టీకాను నూరుమందికి పైగా వేసిరి. వారిలో 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. ఆ పందొమ్మిదిమందికిని ఒకే సీసాలోని మందు వేయబడినది. తక్కినవారికి ఏమియు కాలేదు.

మొదట బొంబాయిలో మందు తయారుచేసిన హాఫ్‌కిన్‌పై నింద పడి ఆయన పదవి పోయినది. తరువాత, ఆ సీసా మూత తీయునపుడు సహాయకుని చేతినుండి పట్టకారు నేలబడినదనియు, దానిని సరిగా శుద్ధిచేయక వాడిరనియు బయటపడినది. రొనాల్డ్ రాస్ మున్నగు శాస్త్రజ్ఞులు హాఫ్‌కిన్ పక్షమున వాదింపగా, 1907లో ఆయన నిర్దోషియని తేలినది. రోగులందరు ఒకే సీసాకు చెందినవారను విషయము లేకున్నచో ఆ సత్యము బయటపడెడిది కాదు. టీకా వేసినపుడు మందు తయారీ సంఖ్యను వ్రాసియుంచుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

నేటి పరిశీలన

టీకా తరువాత కలిగిన ప్రతి అనారోగ్యమును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు కారణములలో ఒకదానిక్రింద పరీక్షింపుమనుచున్నది: టీకా సహజగుణము, తయారీలో దోషము, వేయుటలో పొరపాటు, సూది భయమువలన కలుగు మూర్ఛ మున్నగునవి, కేవలము యాదృచ్ఛికము. "తరువాత" జరిగిన దంతయు మొదట వ్రాసికొనవలెను. ఏది దేనివలన జరిగినదో పిమ్మట తేల్చవలెను.

ఇట్టి నివేదికలను స్వీకరించుటకు అమెరికాలో 1990లో ఒక జాతీయ వ్యవస్థ ఏర్పడినది. అందులో వైద్యులే కాక ఎవరైనను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. దీని బలమును, బలహీనతయు ఇదియే. అరుదైన కీడు మొదట ఇక్కడనే తల యెత్తును. కాని వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను చూచి "ఇందరు టీకావలన చచ్చిరి" అనుట తప్పు. అందులో యాదృచ్ఛికములును కలిసియుండును. మరియు, ఎన్నో సంఘటనలు నమోదు కాకయే పోవును. అందుచేత ఆ యేడే, లక్షలాది ప్రజల ఆసుపత్రి రికార్డులను నేరుగా పరిశీలించి పోల్చు మరియొక వ్యవస్థను కూడ నెలకొల్పిరి. మొదటిది గంట మ్రోగించును. రెండవది నిజముగా నిప్పున్నదో లేదో చూచును.

మన దేశములో టీకాల తరువాతి అవాంఛనీయ సంఘటనల పరిశీలన 1988 నుండి జరుగుచున్నది. ఆరోగ్య కార్యకర్తగాని, వైద్యుడుగాని తెలుపగా, సంగతి జిల్లా అధికారికి చేరును. తీవ్రమైన వానిని జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలోని నిపుణుల సంఘములు విచారించును. అయితే వృద్ధులకు ఫ్లూ టీకా మన ప్రభుత్వపు సార్వత్రిక టీకాల కార్యక్రమములో లేదు. చాలమంది సొంత ఖర్చుతో ప్రయివేటు వైద్యులవద్ద వేయించుకొందురు. కనుక ఏదైన జరిగినపుడు నమోదు చేయించు భారము వైద్యునిపైనను, కుటుంబముపైనను ఎక్కువగా పడును.

గుండెపోటు మాటేమి?

ఇప్పుడు మాష్టారి ప్రశ్న. టీకా వేసికొన్నవారిని, వేసికొననివారిని పోల్చుట కష్టమని చూచితిమి; ఆ రెండు గుంపులు మొదటినుండియు వేరు. ఈ చిక్కును తప్పించుటకు 1995లో ఫారింగ్టన్ అను బ్రిటిషు గణాంక శాస్త్రజ్ఞుడు ఒక సులభమైన ఉపాయమును ప్రకటించెను. ఒక మనిషిని మరొక మనిషితో పోల్చనేల? ఆ మనిషినే అతనితో పోల్చుము. గుండెపోటు వచ్చినవారినందరిని తీసికొని, టీకా తరువాతి కొద్ది వారములలో ఎందరికి వచ్చినదో, తక్కిన కాలమున ఎంత చొప్పున వచ్చినదో చూడుము. వయస్సు గణింపబడును, పొగత్రాగుట, చక్కెర వ్యాధి, బీదరికము రెండు కాలములలోను ఒకటియే గనుక అవి లెక్కను చెరుపలేవు.

2004లో బ్రిటనులో ఈ పద్ధతితో, మొదటిసారి గుండెపోటు వచ్చిన ఇరువదివేలమందికి పైగా రోగుల రికార్డులను పరిశీలించిరి. ఫ్లూ టీకా తరువాతి దినములలో గుండెపోట్లు పెరుగలేదు, పక్షవాతమును పెరుగలేదు. కాని అదే పరిశీలనలో, ఊపిరితిత్తులకు సంబంధించిన అంటువ్యాధి సోకిన మొదటి మూడు దినములలో గుండెపోటు ప్రమాదము సుమారు ఐదింతలు పెరిగినది. 2018లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రములో, ప్రయోగశాలలో నిర్ధారణమైన ఫ్లూ రోగులను ఇదే విధముగా చూడగా, వ్యాధి తెలిసిన మొదటి వారమున గుండెపోటు ప్రమాదము ఆరింతలు ఉండినది. జ్వరముతో గుండె వేగము పెరుగుట, రక్తము గడ్డకట్టు గుణము హెచ్చుట, రక్తనాళములలోని పాత క్రొవ్వుగడ్డలు వాపునకు పగులుట దీనికి కారణములని భావింతురు.

అనగా మాష్టారు భయపడిన గుండెపోటుకు టీకాకంటె, టీకా ఆపదలచిన జ్వరమే దగ్గరి చుట్టము.

చేయవలసిన పనులు

65 ఏండ్లు దాటినవారు, మరి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండముల వ్యాధులు, చక్కెర వ్యాధి గలవారు తమ వైద్యుని అడిగి టీకా విషయము నిర్ణయించుకొనవలెను. మన ప్రాంతమున ఫ్లూ వానాకాలమున హెచ్చు; చలికాలమునను మరల తల యెత్తవచ్చును. కనుక వానలకు ముందు వేయించుకొనుట ఉచితము. పూర్వము టీకాకు తీవ్రమైన ప్రతిక్రియ కలిగినవారును, గియాన్-బారే వ్యాధి వచ్చినవారును, కోడిగ్రుడ్డు పడనివారును ఆ సంగతి ముందే చెప్పవలెను. తీవ్రమైన జ్వరముతో ఉన్ననాడు వాయిదా వేయవలెను. సూది వేసిన తరువాత అరగంట అక్కడనే కూర్చుండవలెను. పది లక్షలకు సుమారు ఒకరికి వచ్చు తీవ్రమైన ఎలర్జీ ఎక్కువగా ఆ సమయమునందే బయటపడును, దానికి వెంటనే చికిత్స కలదు. మందు పేరు, తయారీ సంఖ్య, తేదీ వ్రాసి దాచుకొనవలెను. ఆ తరువాత కాళ్లలో బలహీనతగాని, ఆయాసముగాని, రొమ్ములో నొప్పిగాని కలిగినచో, కారణము ఏదైనను, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

నేను ఈ సంగతులన్నియు మాష్టారికి చెప్పితిని. ఆయన కాగితము, కలము తెప్పించుకొని 4,000ను 365తో తామే భాగించి చూచుకొనిరి. కొంతసేపు ఊరకుండి, "అయితే మా వియ్యంకుడి సంగతి టీకావల్ల కాదంటావు" అనిరి.

"అట్లు అనలేను మాష్టారూ" అంటిని. "లక్షలమంది లెక్క చూచి సామాన్యముగా కాదని చెప్పగలము. ఆయన ఒక్కరి విషయము చెప్పవలెనంటే ఆయన కాగితములు చూడవలెను. ఆ సంగతి ఎవరైనా వ్రాసి జిల్లా అధికారికి పంపారా?"

"లేదు. ఎవరికి పంపాలో మాకేం తెలుసు?"

నన్ను బాధించినది ఆ జవాబే. వ్రాయబడని మరణము టీకాను నిందింపను లేదు, విడిపింపను లేదు. వీధిలో భయముగా మాత్రము తిరుగుచుండును. మాష్టారు మరునాడు వియ్యంకుని కుమారునకు ఉత్తరము వ్రాసి, కాగితములు వెదకి వైద్యునికి చూపుమని కోరిరి. ఆ తరువాతి వారము తాము టీకా వేయించుకొని, దాని తయారీ సంఖ్యను తమ లెక్కల పుస్తకము మొదటి పుటలో ఎఱ్ఱసిరాతో వ్రాసికొనిరి.